గాజు గోడను పట్టిన పగడం

ముదినేపల్లిలో రొయ్యల చెరువు చేసే ఏ రైతునైనా కదిపి చూడండి. పీహెచ్ ఎంత, ఆల్కలినిటీ ఎంత, హార్డ్‌నెస్ ఎంత అని అడిగితే తడుముకోకుండా చెబుతాడు. సీసాలో చెరువు నీళ్లు పట్టుకుని ల్యాబుకు వెళ్లడం, అక్కడ ఇచ్చిన చీటీ చూసి సున్నమో డోలమైటో మినరల్సో చల్లించడం గుడివాడ నుంచి కైకలూరు దాకా రోజూ జరిగే పనే. ఈ అధ్యాయంలో చెప్పబోయే జంతువు ఆ నేల మీది నీళ్లలో బతకదు. అయినా దాని మంచిచెడ్డలు తెలుసుకోవడానికి కావలసిన లెక్కల్లో ముఖ్యమైనవి ఆ చీటీ మీద ఉంటాయి.

ఆ జంతువు పగడం. దాని ముక్క ఒకటి ఉప్పునీటి అక్వేరియంలో నిలువు గాజు గోడకు ఎలా అంటుకుంటుంది? జిగురుతో అతికిస్తారు అనేది తేలికైన జవాబు. అది సగం నిజం. జిగురు ఆ ముక్కను కొన్ని వారాలో కొన్ని నెలలో నిలబెడుతుంది. ఆ తర్వాత గాజును పట్టుకునేది పగడం తన కింద తాను పోసుకున్న రాయి. ఆ రాయి పోసుకునే స్తోమత దానికి నీటి నుంచి వస్తుంది. అందుకే మంచి జిగురు ఏదని వెతికేవారికన్నా, నీళ్లు ఎలా ఉన్నాయని చూసుకునేవారి గోడల మీదే పగడాలు నిలుస్తాయి.

పగడం అనగానే మనకు గుర్తొచ్చేది మంగళసూత్రం పక్కన గుచ్చే ఎర్ర పూస. అది మధ్యధరా సముద్రంలో పెరిగే కొరాలియం అనే జీవి అస్థిపంజరం. అది సముద్రంలో పగడపు దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టే పగడాలు వేరే కుదురు. వందల, వేల పాలిప్‌లు ఒకే పలచని కణజాలంతో కలిసి ఉండే సమూహాలవి. పాలిప్‌కు ఒకటే నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు, అడుగున సున్నపు గిన్నె. దాని ఒంట్లో కంటికి ఆనని శైవలాలు కాపురముంటాయి. వెలుతురుతో అవి తయారు చేసిన ఆహారంలో పెద్ద వాటా పగడానికే ముడుతుంది. మొక్కలా వెలుతురు కావాలి, జంతువులా మేత కావాలి, పైగా రాయి కట్టాలి. ఇన్ని అవసరాలున్న జీవి కాబట్టే అది ఎక్కడపడితే అక్కడ బతకదు.

మన కోస్తాలో దాని దిబ్బలు ఎందుకు లేవో కొల్లేరే చెబుతుంది. కొన్ని వేల ఏళ్ల కిందట సముద్రపు అంచు కొల్లేరు పరిసరాల దాకా ఉండేది. కృష్ణా గోదావరులు ఏటేటా తెచ్చి పోసిన ఒండ్రుతో రెండు డెల్టాలూ ముందుకు జరిగాయి. వాటి మధ్య పల్లంలో సరస్సు మిగిలింది, తీరం దూరమైంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటిని ఇప్పుడు ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తోంది. వరికి అన్నం పెట్టిన ఆ ఒండ్రే పగడాన్ని దరి చేరనివ్వలేదు. బురద నీటిలో వెలుతురు లోతుకు దిగదు. వరద నెలల్లో తీరపు నీటిలో ఉప్పు పలచబడుతుంది. ఈదుతూ వచ్చిన పగడపు లార్వాకు పట్టు చిక్కాలంటే గట్టి రాయి కావాలి, ఇక్కడ అడుగంతా మెత్తటి మట్టి. అందువల్ల మన దేశంలో పేరున్న దిబ్బలన్నీ కచ్ సింధుశాఖలో, మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్ దీవుల చుట్టూ ఉన్నాయి. విశాఖకు దక్షిణాన పూడిమడక దగ్గర సముద్రంలో పగడాలు ఉన్నట్టు కొన్నేళ్ల కిందట భారత జంతు సర్వేక్షణ సంస్థ పరిశీలనలో తేలింది. అది డెల్టాల ఒండ్రుకు దూరంగా, రాతి నేల ఉన్న చోటు కావడం గమనించాలి.

ముందుకు వెళ్లే ముందు చట్టం సంగతి చెప్పడం నా బాధ్యత. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూల్ అది. రామేశ్వరం దగ్గరో అండమాన్‌లోనో సముద్రంలోంచి పగడం విరిచి ఇంటికి తెచ్చుకోవడం నేరం. దేశాల మధ్య జరిగే వ్యాపారానికి సైటిస్ ఒప్పందం హద్దులు పెట్టింది. 2022లో వచ్చిన సవరణతో, ఆ ఒప్పందం జాబితాలో ఉన్న విదేశీ జీవులను పెంచేవారు వాటిని నమోదు చేయించుకోవాలి. కాబట్టి ఇక్కడ రాస్తున్నది ఇంట్లో చేసి చూడమనే పాఠం కాదు. పరిశోధనశాలల్లో, పెద్ద అక్వేరియంలలో, ఇతర దేశాల్లో పెంపకందారుల తొట్లలో దశాబ్దాలుగా జరుగుతున్న పని వెనక ఉన్న విజ్ఞానం ఇది. వాళ్లు వాడే ముక్కలు తొట్లలోనే పెరిగిన సమూహాల నుంచి కోసినవి. వాటిని ఫ్రాగ్‌లు అంటారు.

ముక్కలు కావడం పగడానికి కొత్త కాదు. కొమ్మలు కొమ్మలుగా పెరిగే అక్రోపొరా తుపాను అలలకు విరిగిపోతుంది. విరిగిన కొమ్మ గట్టి చోట ఆగితే అక్కడే అతుక్కుని కొత్త సమూహమవుతుంది. దానికి ఇదొక వంశవృద్ధి మార్గం. మనుషులు ఎముకలు కత్తిరించే కత్తెరతోనో వజ్రపు పొడి అద్దిన రంపంతోనో అదే చేస్తారు. కోసిన చోట జిగట కారుతుంది, కొద్ది రోజులకు గాయం మీద కణజాలం కమ్ముకుంటుంది. ఒకే సమూహం నుంచి తీసిన ముక్కలను పక్కపక్కన అతికిస్తే అవి పెరిగి, అంచులు తాకి, మళ్లీ ఒక్కటైపోతాయి. ఈ గుణాన్ని వాడుకుని నెమ్మదిగా పెరిగే జాతులను కూడా త్వరగా పెంచవచ్చని ఫోర్స్‌మన్, ఆయన సహచరులు 2015లో చూపించారు. అమెరికాలో మోట్ సముద్ర పరిశోధనశాలలో పనిచేసిన డేవిడ్ వాన్ ఈ పద్ధతికి ఆద్యుడిగా పేరు పొందారు.

సాధారణంగా ఫ్రాగ్‌ను చిన్న పింగాణీ బిళ్లకు అతికించి రాళ్ల మధ్య గుచ్చుతారు. గాజు గోడ మీదికి తీసుకువెళ్లడానికి ముఖ్యమైన కారణం చోటు. అడుగున రాళ్లు నిండిపోతాయి, వెనక గోడ మాత్రం బోసిగా ఉంటుంది. మరో కారణం కూడా ఉంది. శాస్త్రవేత్తలకు అది చాలా విలువైనది. దాని గురించి కాసేపట్లో చెబుతాను.

మొదట జిగురు. ఇంట్లో చెప్పు తెగినా బొమ్మ విరిగినా మనం వాడే ఫెవిక్విక్ లాంటి జిగుళ్లలో ఉండే సయనోఅక్రిలేటే పగడానికీ వాడతారు, కాకపోతే చిక్కటి జెల్ రూపంలో. 1942లో ఈస్ట్‌మన్ కొడాక్‌లో పనిచేసే హ్యారీ కూవర్ తుపాకీ గురి కోసం పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతూ ఈ పదార్థాన్ని చూశాడు. ప్రతిదానికీ అంటుకుపోతోందని పక్కన పెట్టేశాడు. 1951లో మళ్లీ చేతికి వచ్చినప్పుడు దాని విలువ తెలిసింది. 1958లో అది ఈస్ట్‌మన్ 910 పేరుతో అమ్మకానికి వచ్చింది. ఇది గాలికి ఆరి గట్టిపడే జిగురు కాదు. తేమలోని హైడ్రాక్సైడ్ అయాన్లు తగిలితే దాని అణువులు ఒకదానికొకటి గొలుసులా కలిసిపోతాయి. సీసాలో గట్టిపడకుండా కొద్దిగా ఆమ్లం కలిపి ఉంచుతారు. అంటే క్షారగుణం ఎక్కువగా ఉన్నచోట అది మరింత వేగంగా గట్టిపడుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి జిగురు పూసిన ముక్కను నీటిలో ముంచీ ముంచగానే పైన ఒక తెల్లటి పొర కడుతుంది. ఆ పొరతోనే గోడకు ఆనిస్తే అంటదు. ముక్కను గోడకు అదిమి కొంచెం మెలి తిప్పాలి. పొర చిట్లి లోపలి తడి జిగురు బయటికి వచ్చి గాజును తాకాలి. అనుభవమున్నవారి చేతిలో ఇది రెండు క్షణాల పని.

కాని గాజు మొండి తలం. రాతికి ఉన్న గుంతలు, రంధ్రాలు దానికి లేవు, జిగురు లోపలికి చొరబడి పట్టుకోవడానికి తావుండదు. పైగా నీటిలో ఉన్న గాజు ఎప్పుడూ ఒట్టి గాజు కాదు. నీళ్లు పోసిన నిమిషాల్లోనే దాని మీద సేంద్రియ పదార్థాల పొర పడుతుంది. గంటల్లో బ్యాక్టీరియా, రోజుల్లో డయాటమ్‌లు చేరతాయి. చేపల చెరువులో పాతిన వెదురుకు జారుడుగా పట్టే పాచి ఇదే వరసలో పెరుగుతుంది, శీలావతి దాన్నే గీరుకుని తింటుంది. అక్వేరియంలో అయితే కొన్నాళ్లకు గులాబీ రంగు కొరలైన్ నాచు సున్నపు పెచ్చులా గోడను కప్పేస్తుంది. దాని మీద జిగురు పెడితే జిగురు నాచును పట్టుకుంటుంది, నాచు ఊడితే పగడమూ ఊడుతుంది. అందుకే బ్లేడుతో గోడను గీరి, నీటిమట్టం దించి, ఆ చోటును తుడిచి ఆరనిచ్చి అతికించడం మేలైన పద్ధతి. కొద్ది నిమిషాలు గాలికి ఉన్నా చాలా పగడాలు తట్టుకుంటాయి. పెద్ద పాటుల్లో సముద్రం వెనక్కి పోయినప్పుడు లోతు తక్కువ దిబ్బల మీద పగడాలు నీటి పైకి తేలడం మామూలే.

ఇంత చేసినా సయనోఅక్రిలేట్ గాజును కలకాలం పట్టుకోదు. అది పెళుసు పదార్థం. వేడికి అది సాగినంత గాజు సాగదు, చల్లబడితే అది ముడుచుకున్నంత గాజు ముడుచుకోదు. ఆ లాగులాటలో, నీరు అంచుల నుంచి లోపలికి చేరుతున్న కొద్దీ, పట్టు సడలుతుంది. తొట్టెల గాజు పలకలను కలిపే సిలికాన్ ఎంతో నమ్మకమైనదే గాని తడి గాజుకు అది అంటదు, ఖాళీ తొట్టెలోనే పనికొస్తుంది. రబ్బరు చూషకాల కిందికి పాచి చేరి అవి జారిపోతాయి. గోడకు రెండు వైపులా నియోడిమియం అయస్కాంతాలు పెట్టి, లోపలి దాని మీద పగడాన్ని నిలపడం బాగా పనిచేస్తుంది. అయితే అయస్కాంతం మీది పూత ఎక్కడ పగిలినా ఉప్పునీరు లోపలికి దిగి తుప్పు పట్టిస్తుంది, లోహాలు నీటిలో కలుస్తాయి.

నాటిన వరి మొక్కను మొదటి రోజుల్లో నిలబెట్టేది బురద. మూన తిరిగాక దాన్ని నిలబెట్టేది దాని వేరే. ఫ్రాగ్ విషయంలో జిగురు చేసేది బురద పనే. అడుగు అంచున కణజాలం పలచని పొరలా ముందుగా జిగురును దాటి గాజు మీదికి పాకుతుంది. ఆ పొర అడుగున ఉండే కణాలు తమకూ గాజుకూ మధ్య అరగొనైట్ అనే కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలను పేరుస్తాయి. కణజాలాన్ని అస్థిపంజరానికి బిగించి ఉంచడానికి డెస్మోసైట్లు అనే ప్రత్యేక కణాలున్నాయి. 1997లో మస్కటైన్, తంబుటే, అలెమాండ్ వాటి నిర్మాణాన్ని వివరించారు. గాజు మీద ఇలా అంగుళం మేర పరుచుకున్న మాంటిపొరా అనే రాతి పగడపు సమూహాన్ని చేత్తో లాగితే గాజు నుంచి ఊడకపోవచ్చు, అస్థిపంజరమే విరగవచ్చు. ఈ దశకు చేరడానికి ఎంతకాలం పడుతుందన్నది జాతిని బట్టి మారుతుంది. ఫిలిప్పీన్స్‌లో బొలినావ్ దగ్గర చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం కేవలం ఈ ప్రశ్న మీదే నడిచింది. జాతికీ జాతికీ మధ్య వేగంలో పెద్ద తేడా కనిపించింది.

ఇక శాస్త్రవేత్తల కారణం. పగడం రాయి కట్టే చోటు దాని ఒంటి కింద దాగి ఉంటుంది, పైనుంచి చూస్తే కనిపించదు. మొనాకో శాస్త్ర పరిశోధన కేంద్రంలో స్టైలోఫోరా పిస్టిల్లాటా అనే పగడం చిన్న ముక్కలను పలచని గాజు పలకల మీద పెంచారు. పాకుతున్న అంచు గాజును పట్టుకున్నాక, పలకను సూక్ష్మదర్శిని మీద పెట్టి అడుగు నుంచి చూశారు. పీహెచ్‌ను బట్టి మెరుపు మారే రంగును లోపలికి పంపారు. బతికున్న పగడం కణజాలానికీ స్ఫటికాలకూ మధ్య ఉన్న సన్నటి సందులో పీహెచ్ ఎంతుందో అలా నేరుగా కొలవగలిగారు. 2011లో వెన్, తంబుటే, వారి సహచరులు ప్రచురించిన ఫలితం ఇది: వెలుతురులో ఆ సందులోని పీహెచ్ చుట్టూ ఉన్న సముద్రపు నీటి కన్నా సుమారు 0.5 ఎక్కువ, చీకటిలో సుమారు 0.2 ఎక్కువ. పీహెచ్ పెరిగితే కార్బొనేట్ అయాన్లు పెరుగుతాయి, స్ఫటికం త్వరగా పేరుకుంటుంది. అంటే పగడం బయటి నీటిలో దొరికిన ముడిసరుకును తీసుకుని, తన కింద తనకు కావలసిన రసాయన పరిస్థితిని తానే ఏర్పరుచుకుంటోంది. గాజుకు అంటుకునే గుణం లేకపోతే ఈ సంగతి కంటితో చూసే వీలు మనకు ఇంత తేలిగ్గా దొరికేది కాదు. నన్ను అడిగితే, గాజు గోడ మీది పగడాలన్నిటిలోకి అందమైనవి ఆ చిన్న పలకల మీదివే.

ముడిసరుకు మాట వచ్చింది కాబట్టి మళ్లీ ల్యాబు చీటీ దగ్గరికి వెళ్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో కాల్షియం 410 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ, మెగ్నీషియం దానికి మూడు రెట్లు. ఆల్కలినిటీ కాల్షియం కార్బొనేట్ లెక్కన సుమారు 115 మిల్లీగ్రాములు. పగడం రాయి కట్టేటప్పుడు ఆల్కలినిటీ 50 తగ్గితే కాల్షియం 20 మాత్రమే తగ్గుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఉన్న 115 ఆల్కలినిటీ మొత్తం ఖర్చయినా కాల్షియం 46 మిల్లీగ్రాములకు మించి తగ్గదు. కాల్షియం బస్తాల కొద్దీ ఉంది, ఆల్కలినిటీ చేతిఖర్చు కింద ఉంది. అందుకే పగడాల తొట్టెలో ముందు పడిపోయేది ఆల్కలినిటీ. పెంపకందారులు దాన్ని తరచూ కొలుస్తూ సాధారణంగా 125 నుంచి 160 మధ్య నిలకడగా ఉంచుతారు. కొలిచే పద్ధతి కూడా చెరువు ల్యాబులో చేసేదే: రంగు మారేదాకా ఆమ్లం చుక్కలు వేయడం.

2009లో మన దేశంలో వన్నామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చాక, ఉప్పు తక్కువ నీటిలో దాన్ని పెంచిన రైతులు ఇదే రసాయన శాస్త్రాన్ని డబ్బు పోసి నేర్చుకున్నారు. రొయ్య పాత పెంకు విడిచి కొత్తది గట్టిపరచుకోవడానికి కాల్షియం, కార్బొనేట్ కావాలి. బోరు నీటిలో పొటాషియం, మెగ్నీషియం సముద్రపు పాళ్లలో ఉండవు కాబట్టి బయటి నుంచి వేయాలి. అది కుదరకపోతే లూజ్ షెల్ వచ్చిందంటారు. చెరువులో తెల్లవారుజామున పీహెచ్ తగ్గి మధ్యాహ్నానికి పెరగడం, అందుకు ప్లాంక్టన్ రాత్రి వదిలి పగలు పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్ కారణమవడం రైతుకు తెలిసిన విషయమే. పగడం ఒంట్లోని శైవలాలు కూడా అదే నడకలో ఉంటాయి. రాతి పగడాలు చీకటిలో కన్నా వెలుతురులో సగటున మూడు రెట్ల వేగంతో రాయి కడతాయని పరిశోధకుల అంచనా.

వెలుతురు దగ్గర గాజు గోడకు ఒక చిక్కు ఉంది. దీపం పైన ఉంటుంది, గోడ నిలువుగా ఉంటుంది. గోడ మీది ముక్కకు కిరణాలు ఏటవాలుగానే తగులుతాయి, కిందికి పోయే కొద్దీ మరీ తక్కువ. అందుకని గోడకు నప్పేవి తక్కువ వెలుతురుతో సరిపెట్టుకుని, పెచ్చులా పరుచుకునే జాతులు. మాంటిపొరా, లెప్టోసెరిస్ రాతి పగడాల్లో అలాంటివి. రాయి కట్టని పగడపు పుట్టగొడుగులు, జొయాంథిడ్‌లు తమ కండతోనే గోడను పట్టుకుంటాయి. ఆకుపచ్చ నక్షత్రాల్లా పాలిప్‌లు విప్పే బ్రయారియం ఊదా రంగు చాపలా గోడంతా పాకుతుంది. అందంగా ఉందని వదిలేస్తే పక్కన ఉన్న పగడాలను కూడా కప్పేస్తుంది. కొమ్మలుగా పెరిగేవాటిని నేనైతే గోడ మీద పెట్టమనను. అవి గోడకు దూరంగా చాచుకుంటూ పోతాయి, బరువంతా చిన్న అడుగు మీద పడుతుంది. నీటిలో ఉన్నంతసేపు ఆ అస్థిపంజరం బరువులో సుమారు మూడో వంతును నీరే మోస్తుంది. నీరు మార్చడానికి మట్టం దించిన రోజున మొత్తం బరువు అడుగు మీద వాలుతుంది. చాలా ముక్కలు ఊడేది అప్పుడే.

ఇదే పని సముద్రంలో చేస్తే గాజు బదులు సిమెంటు వాడతారు. మన్నార్ సింధుశాఖలో 21 దీవుల చుట్టూ ఉన్న దిబ్బలను సున్నం కోసం దశాబ్దాల పాటు తవ్వారు. విలంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు దీవులు నీట మునిగిపోయాయి. తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ 2002 నుంచి అక్కడ పగడపు ముక్కలను సిమెంటు పలకలకు కట్టి, చట్రాల మీద పేర్చి పెంచుతోంది. అక్కడ కట్టే తాడు కూడా తాత్కాలికమే, కొన్నాళ్లకు కణజాలం దాని మీదుగా పాకి పలకను పట్టుకుంటుంది. గుజరాత్‌లో మిఠాపూర్ దగ్గర 2020 జనవరిలో జంతు సర్వేక్షణ సంస్థ, రాష్ట్ర అటవీ శాఖ ఇనుప చట్రంలోకి స్వల్ప విద్యుత్తు పంపి దాని మీద సముద్రపు నీటిలోని ఖనిజాలే పేరుకునేలా చేసి, ఆ పొర మీద పగడాలను పెట్టాయి. నీరు వేడెక్కితే ఇవేవీ ఆదుకోలేవు. 2010లో, 2016లో మన్నార్‌లో పగడాలు శైవలాలను కోల్పోయి తెల్లబడ్డాయి. ముదినేపల్లి ఎండల్లో, కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం, ఏ తొట్టెలోని పగడానికైనా అదే గతి పట్టవచ్చు. ఏరేటర్ల కోసం జనరేటర్ సిద్ధంగా ఉంచుకునే రైతుకు ఈ భయం విడమరచి చెప్పనక్కరలేదు.

ఒకసారి పట్టిన సమూహాన్ని గాజు మీంచి తీయాలనుకుంటే బ్లేడు గోడకు ఆనించి నెమ్మదిగా నెట్టాలి. అక్రిలిక్ తొట్టె అయితే బ్లేడు గీతలు పెడుతుంది, ప్లాస్టిక్ పలక వాడాలి. పగడం వచ్చేశాక గోడ మీద దాని అడుగు ముద్ర తెల్లగా మిగులుతుంది. పాలిప్‌ల గిన్నెల అడుగులు కూడా అందులో కనిపిస్తాయి. నీటిమట్టం దించి, వెనిగర్‌లో తడిపిన గుడ్డను దాని మీద కాసేపు అదిమి పెడితే బుడగలు వస్తూ మెత్తబడుతుంది, మిగతాది గీరితే పోతుంది. ఆ వెనిగర్ తొట్టెలోకి కారకుండా తుడిచేయాలి. ఎక్కువగా కలిస్తే అది ముందుగా తినేది ఆల్కలినిటీనే.